పీటర్ థామ్సన్ (1929–2018): ఇండియన్ ఓపెన్‌కు పునాది వేసిన ఛాంపియన్

బ్రాడీపేట పాఠకుడు, గుంటూరు | 2018 జూన్ 21

ఆస్ట్రేలియా గోల్ఫ్ క్రీడాకారుడు పీటర్ థామ్సన్ నిన్న మెల్‌బోర్న్‌లో కన్నుమూశారు. మరో రెండు నెలలు గడిస్తే ఆయనకు 89 ఏళ్లు నిండేవి. నాలుగేళ్లకు పైగా పార్కిన్సన్స్ వ్యాధితో బాధపడ్డారు. క్రికెట్, బ్యాడ్మింటన్, చదరంగం గురించి ఎంతో లోతుగా మాట్లాడుకునే ఈ వేదికలో ఆయనను కూడా తలచుకోవాలని, తెలిసినవారు తమకు తెలిసినది చేర్చాలని ఈ చర్చ ప్రారంభిస్తున్నాను. నేను వ్యాయామ ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాడిని. గోల్ఫ్ ఆడే అవకాశం నాకు ఎన్నడూ రాలేదు గాని, ఈయన జీవితాన్ని మాత్రం చాలాకాలంగా శ్రద్ధతో చదువుతూ వచ్చాను.

గోల్ఫ్‌లోని పెద్ద పోటీలన్నిటిలో పాతది బ్రిటిష్ ఓపెన్. అది 1860లో మొదలైంది. థామ్సన్ దానిని ఐదుసార్లు గెలిచారు: 1954లో రాయల్ బర్క్‌డేల్‌లో, 1955లో సెయింట్ ఆండ్రూస్‌లో, 1956లో హోయ్‌లేక్‌లో, 1958లో రాయల్ లిథమ్‌లో, ఏడేళ్ల విరామం తరువాత 1965లో మళ్లీ రాయల్ బర్క్‌డేల్‌లో. మొదటిసారి గెలిచేనాటికి ఆయన వయస్సు 24 ఏళ్లు. ఆ పోటీలో విజేతగా నిలిచిన తొలి ఆస్ట్రేలియన్ ఆయనే. వరుసగా మూడేళ్లు ఓపెన్ గెలిచినవారు ఇరవయ్యో శతాబ్దంలో ఆయన తప్ప మరొకరు లేరు. అంతకుముందు ఆ ఘనత సాధించినవారందరూ పందొమ్మిదో శతాబ్దపు స్కాట్లండ్ ఆటగాళ్లు. అప్పట్లో బరిలోకి దిగేవారి సంఖ్య చాలా తక్కువ.

నన్ను అంతకంటే ఎక్కువగా ఆకట్టుకున్న విషయం మరొకటి ఉంది. 1952 నుంచి 1958 వరకు ఏడేళ్లూ ఓపెన్‌లో ఆయనకు దక్కింది మొదటి స్థానం, లేదా రెండవ స్థానం. 1952లో దక్షిణాఫ్రికా ఆటగాడు బాబీ లాక్ ఒకే ఒక్క స్ట్రోకు (బంతిని కొట్టే దెబ్బ; తక్కువ దెబ్బల్లో ముగించినవారిదే గెలుపు) తేడాతో ఆయనను దాటారు. 1953లో కార్నూస్టీలో అమెరికన్ బెన్ హొగన్ గెలవగా థామ్సన్ రెండవ స్థానంలో నిలిచినవారిలో ఒకరు. 1957లో మళ్లీ లాక్ గెలిచారు. గాలి ఎటునుంచి వీస్తుందో, వాన ఎప్పుడు పడుతుందో తెలియని సముద్రతీర మైదానాల్లో, ఏటా వేర్వేరు చోట్ల జరిగే పోటీలో ఏడేళ్లపాటు ఇలా నిలకడగా ఉండడం అదృష్టం వల్ల అయ్యే పని కాదు.

నాటి షరతులు నేటి యువకులకు తెలియకపోవచ్చు. నిరుడు గెలిచిన ఛాంపియన్ అయినా సరే, ముందుగా అర్హత పోటీ ఆడి నెగ్గితేనే అసలు పోటీలోకి ప్రవేశం. మొదటి రెండు రోజులు 18 హోల్స్ (బంతిని చేర్చవలసిన రంధ్రాలు) చొప్పున, చివరి రోజున ఉదయం 18, మధ్యాహ్నం 18, వెరసి 36 హోల్స్ ఆడవలసి వచ్చేది. ఇంత కష్టపడి 1954లో ఆయన అందుకున్న మొదటి బహుమతి 750 పౌండ్లు.

ఇక మన దేశానికి ఆయన చేసిన మేలు. 1964లో ఢిల్లీలో ఇండియన్ ఓపెన్ ప్రారంభం కావడానికి ప్రధాన ప్రేరణ ఆయనే. మొదటి ఏడాది ఆ టైటిల్ గెలిచింది కూడా ఆయనే. 1966లోను, 1976లోను తిరిగి గెలిచారు. ఈ విషయం తెలిసినవారు మన మధ్య ఎవరైనా ఉంటే వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

లబ్బీపేట, విజయవాడ | జూన్ 21

మాస్టారూ, మంచి పని చేశారు. ఆయన ఆత్మకు శాంతి కలగాలని ప్రార్థిస్తున్నాను.

ఒక సందేహాన్ని మర్యాదగానే ముందుంచుతాను. ఐదు ఓపెన్‌లు గెలిచిన వ్యక్తి పేరు అమెరికన్లు ఆర్నాల్డ్ పామర్, జాక్ నిక్లాస్‌ల పేర్లతో సమానంగా ఎందుకు వినిపించదు? నేను చదివినంతలో విమర్శకులు చెప్పే కారణం ఒకటుంది. 1950వ దశకంలో మేటి అమెరికన్ ఆటగాళ్లు అట్లాంటిక్ దాటి బ్రిటన్‌కు వచ్చేవారు కాదు. ప్రయాణం దూరం, బహుమతి స్వల్పం, పైగా అర్హత పోటీ ఒకటి. వారు లేని మైదానంలో థామ్సన్ గెలిచారనేది ఆ వాదన. అమెరికా పోటీల్లో ఆయన సాధించిన విజయం 1956లో టెక్సస్‌లో వచ్చిన ఒక్కటే. మాస్టర్స్ అనే అమెరికా పెద్ద పోటీలో ఆయన అత్యుత్తమ స్థానం 1957లో వచ్చిన ఐదవది. ఈ అంకెలను పక్కన పెట్టి ఆయనను కొలవడం న్యాయమేనా అని అడుగుతున్నాను.

అరండల్‌పేట, గుంటూరు | జూన్ 21

లబ్బీపేట గారూ, మీ ప్రశ్న సబబైనదే. దానికి సమాధానం 1965లో ఉన్నది.

ఆ ఏడాది రాయల్ బర్క్‌డేల్‌కు అమెరికన్లు వచ్చారు. అంతకుముందు సంవత్సరం ఓపెన్ గెలిచిన టోనీ లీమా ఉన్నారు, అదే బర్క్‌డేల్‌లో 1961లో గెలిచిన పామర్ ఉన్నారు, యౌవనంలో ఉన్న నిక్లాస్ ఉన్నారు. థామ్సన్ వయస్సు అప్పటికి 35. ఆయన కాలం గడిచిపోయిందని చాలామంది అనుకుంటున్న సమయం. చివరి రోజు 36 హోల్స్ ఆడే పాత పద్ధతి అమలులో ఉన్న ఆఖరి సంవత్సరం కూడా అదే. ఆ సుదీర్ఘమైన శుక్రవారం నాడు ఆయన తొణకకుండా ఆడి, మొత్తం 285 స్ట్రోకులతో, వేల్స్‌కు చెందిన బ్రయన్ హగెట్, ఐర్లండ్‌కు చెందిన క్రిస్టీ ఓకానర్‌ల కంటే రెండు స్ట్రోకులు ముందు నిలిచారు. అమెరికన్లందరూ వారి వెనుకనే ఉండిపోయారు.

మరొక మాట. 1950వ దశకంలో అమెరికన్లు రాకపోవడం నిజమే గాని, అప్పుడు థామ్సన్‌కు ఎదురు నిలిచిన బాబీ లాక్ సామాన్యుడా? ఆయన 1947 నుంచి మూడు నాలుగేళ్లలోనే అమెరికా వృత్తి ఆటగాళ్ల టూర్‌లో 11 టోర్నమెంట్లు గెలిచిన మనిషి. అమెరికన్లను వారి ఇంట్లోనే ఓడించిన ఆటగాడిని ఏటా ఎదుర్కొని గెలిచినవాడి విజయాలను బలహీనమైనవని ఎలా అనగలం? 1960లో పామర్ మొదటిసారి ఓపెన్ ఆడడానికి సెయింట్ ఆండ్రూస్ వచ్చినప్పుడు ఆయనను రెండవ స్థానానికి నెట్టిన కెల్ నేగల్ కూడా ఆస్ట్రేలియన్. ఆ నేగల్‌తో జట్టు కట్టి థామ్సన్ 1954లోను, 1959లోను దేశాల మధ్య జరిగే కెనడా కప్ గెలిచారు. ఆ తరం ఆస్ట్రేలియన్ల సత్తాను తక్కువగా చూడడానికి నాకు కారణం కనిపించడం లేదు.

మొగల్రాజపురం, విజయవాడ | జూన్ 22

అమెరికాలో థామ్సన్ ఎక్కువగా గెలవకపోవడానికి వెనుక ఒక సాంకేతిక కారణం కూడా ఉన్నది. నేను మెకానికల్ ఇంజనీరును కనుక దానిని కొంచెం విస్తరించి చెబుతాను.

ఆ రోజుల్లో ప్రపంచంలో రెండు రకాల గోల్ఫ్ బంతులు చలామణిలో ఉండేవి. బ్రిటన్, ఆస్ట్రేలియా, మన దేశం వంటి చోట్ల వాడే బంతి వ్యాసం 1.62 అంగుళాలు, అంటే సుమారు 41 మిల్లీమీటర్లు. అమెరికా బంతి వ్యాసం కనీసం 1.68 అంగుళాలు, అంటే దాదాపు 43 మిల్లీమీటర్లు. గరిష్ఠ బరువు మాత్రం రెండింటికీ ఒకటే, సుమారు 46 గ్రాములు. తేడా మిల్లీమీటరున్నరే కదా అనిపిస్తుంది గాని, ఒకే బరువున్న రెండు బంతుల్లో చిన్నదాని మీద గాలి నిరోధం తక్కువగా పనిచేస్తుంది. అందువల్ల చిన్న బంతి ఎదురుగాలిని చీల్చుకుంటూ, తక్కువ ఎత్తులో, ఎక్కువ దూరం పోతుంది. పక్కగాలికి దారి తప్పడం కూడా తక్కువ. పెద్ద బంతి గడ్డి మీద కాస్త ఎత్తుగా కూర్చుంటుంది కనుక దానిని పైకి లేపడం సులభం. మెత్తని నేల మీద నిటారుగా దిగి ఆగడానికి అది అనువుగా ఉంటుంది.

ఇప్పుడు మైదానాలను చూడండి. బ్రిటన్ సముద్రతీరపు లింక్స్ మైదానాల్లో ఇసుక నేల గట్టిగా ఉంటుంది, గడ్డి సన్నగా ఉంటుంది. బంతి గ్రీన్‌కు (హోల్ చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చికకు) చాలా ముందే నేలను తాకి, ఎత్తుపల్లాల వెంబడి దొర్లుకుంటూ హోల్‌ను చూపే జెండా దగ్గరికి చేరాలి. అది ఎక్కడ పడాలో, పడ్డాక ఎంత దూరం దొర్లుతుందో, ఏ వాలు దానిని ఎటు తిప్పుతుందో దెబ్బ కొట్టడానికి ముందే లెక్క కట్టాలి. థామ్సన్ ప్రతిభ ఈ లెక్కలోనే ఉన్నది. అమెరికాలో నీరు బాగా పెట్టి పెంచిన మైదానాల్లో ఈ లెక్కతో పని తక్కువ. అక్కడ బంతిని ఎత్తుగా లేపి గ్రీన్ మీదనే దించి ఆపగలిగినవాడిదే పైచేయి. ఆయనకు ఆ పద్ధతి నచ్చలేదు. నచ్చకపోయినా, 1956 యు.ఎస్. ఓపెన్‌లో నాలుగవ స్థానం దాకా వెళ్లారు.

చిన్న బంతిని 1974 నుంచి బ్రిటిష్ ఓపెన్‌లో అనుమతించలేదు. 1990 నాటికి ప్రపంచమంతటా దానికి కాలం చెల్లింది. ఇప్పుడున్నవారు థామ్సన్ ఆడిన ఆటను అదే బంతితో చూసే అవకాశం లేదు. ఆయన ఆటను నేటి ఆటతో పోల్చేటప్పుడు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

సూర్యారావుపేట, విజయవాడ | జూన్ 22

మిత్రులందరికీ నమస్కారం. మరణించిన వ్యక్తి పట్ల గౌరవంతోనే ఒక భిన్నాభిప్రాయం చెప్పదలచుకున్నాను.

గోల్ఫ్ మైదానం ఒకటి తయారు కావాలంటే నూరు ఎకరాలకు పైగా భూమి కావాలి, ఏడాది పొడవునా నీరు కావాలి. కృష్ణా డెల్టాలో పుట్టిన మనకు ఎకరం భూమి విలువ, కాలువ చివరి చేలకు నీరు అందడానికి రైతు పడే పాట్లు తెలుసు. మన దేశంలో ఈ ఆట చాలావరకు సైనిక స్థావరాలకు, పాత బ్రిటిష్ క్లబ్బులకు, సంపన్నుల నివాసాలకు పరిమితమై ఉన్నది. థామ్సన్ గొప్ప ఆటగాడు కావచ్చు. ఆయన మన దేశంలో పెంచిన ఆట ఎవరి కోసం పెరిగింది అనే ప్రశ్నను కూడా ఈ నివాళిలో భాగంగా వేసుకోవాలని నా అభిప్రాయం.

బ్రాడీపేట పాఠకుడు, గుంటూరు | జూన్ 22

సూర్యారావుపేట గారూ, మీ ప్రశ్నను నేను తేలికగా తీసుకోవడం లేదు. భూమి విషయంలో మీ ఆవేదన నాది కూడా. రెండు పంటలు పండే మాగాణిని గోల్ఫ్ కోసం చదును చేస్తామంటే మొదట అడ్డుపడేవారిలో నేనుంటాను.

అయితే థామ్సన్ ఎక్కడినుంచి వచ్చారో కూడా చూడాలి. ఆయన మెల్‌బోర్న్‌లోని బ్రన్స్‌విక్ అనే కార్మికుల పేటలో పుట్టారు. ఇంటికి దగ్గరలో రాయల్ పార్క్ అనే 9 హోల్స్ ప్రజా మైదానం ఉండేది. క్లబ్బు సభ్యత్వం, వంశగౌరవం అక్కరలేని చోటు అది. మన మునిసిపల్ మైదానంలో పిల్లలు బ్యాటు పట్టుకుని దిగినట్లే ఆయన అక్కడ దిగి ఆట నేర్చుకున్నారు. తరువాత పారిశ్రామిక రసాయన శాస్త్రం చదివి, గోల్ఫ్ బంతులు తయారు చేసే కర్మాగారంలో పనిచేశారు. ఆ పని వదిలి వృత్తి ఆటగాడయ్యారు.

నీరు, నేల గురించి ఆయన దృష్టి కూడా మీరు శంకించే ధోరణికి విరుద్ధమైనది. ఆయన ప్రేమించిన లింక్స్ మైదానాలు సాగుకు పనికిరాని తీరపు ఇసుక దిబ్బలు. అక్కడ గడ్డిని వాన, గాలి, మేసే గొర్రెలు తీర్చిదిద్దాయి. మితిమీరి నీరు పెట్టి పచ్చగా మెత్తగా పెంచే మైదానాలను ఆయన జీవితాంతం విమర్శించారు.

సూర్యారావుపేట, విజయవాడ | జూన్ 22

మాస్టారూ, ప్రజా మైదానం సంగతి నాకు కొత్త విషయం, తెలిపినందుకు కృతజ్ఞతలు. తీరపు ఇసుక నేలల మాట మాత్రం మన దగ్గర అంత సులభంగా వర్తించదు. సూర్యలంక, బాపట్ల వైపు ఇసుక నేలల్లో కూడా వేరుశనగ, జీడిమామిడి పండించి బతికే కుటుంబాలున్నాయి. స్కాట్లండ్‌లో బీడుగా ఉన్నది ఇక్కడ ఒకరి జీవనాధారం. ఆట సామాన్యుడి దాకా వచ్చిందా అనే నా అసలు ప్రశ్న మాత్రం ఇంకా మిగిలే ఉన్నది.

పటమట, విజయవాడ | జూన్ 23

ఉద్యోగరీత్యా చాలాకాలం ఢిల్లీలో ఉండి, ఇండియన్ ఓపెన్‌ను ప్రేక్షకుడిగా చూసినవాడిని కనుక, మాస్టారు అడిగిన వివరాలను, సూర్యారావుపేట గారి ప్రశ్నకు నాకు తెలిసిన సమాధానాన్ని కలిపి రాస్తున్నాను.

1960వ దశకం ఆరంభంలో ఆస్ట్రేలియా నుంచి యూరప్ వెళ్లే ఆటగాడికి ఆసియా అనేది విమానం ఆగే చోట్ల వరుస మాత్రమే. థామ్సన్ దానిని అలా చూడలేదు. హాంకాంగ్, మనీలా, సింగపూర్, కౌలాలంపూర్, టోక్యో వంటి నగరాల పోటీలను ఒకదానితో ఒకటి జతపరచి, ఆటగాడు వరుసగా వారం వారం ఆడుకుంటూ పోగలిగే ఒక పరంపరను నిలబెట్టడంలో ఆయన ముఖ్యపాత్ర వహించారు. తాను స్వయంగా వచ్చి ఆడారు. హాంకాంగ్ ఓపెన్‌ను 1960, 1965, 1967 సంవత్సరాల్లోను, ఫిలిప్పీన్స్ ఓపెన్‌ను 1964లోను గెలిచారు. బ్రిటిష్ ఓపెన్ ఛాంపియన్ ఆడుతున్నాడంటే మిగిలినవారు వస్తారు, పత్రికలు రాస్తాయి, స్థానిక సంఘాలకు ధైర్యం వస్తుంది. అదే సమయంలో అమెరికాలో టెలివిజన్ వల్ల బహుమతి సొమ్ము ఏటేటా పెరుగుతూ ఉన్నది. ఆయన స్థాయి ఆటగాడికి అక్కడ స్థిరపడడం కష్టం కాదు. అయినా ఆయన తూర్పు వైపుకే తిరిగారు.

మన దేశంలో గోల్ఫ్ అంతకుముందు లేక కాదు. రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్ 1829 నాటిది. బ్రిటిష్ దీవుల వెలుపల అంతకంటే పాత క్లబ్ మరొకటి లేదు. అయితే విదేశీ వృత్తి ఆటగాళ్లతో మన ఆటగాళ్లు తలపడే పోటీ అంటూ ఒకటి లేదు. ఇండియన్ గోల్ఫ్ యూనియన్‌ను అందుకు ఒప్పించినవారు థామ్సన్. ఫలితం ఎంత త్వరగా వచ్చిందో గమనించండి. మొదటి పోటీ 1964లో జరిగితే, మరుసటి ఏడాది 1965లో కలకత్తాలో జరిగిన రెండవ పోటీనే మన దేశపు ఔత్సాహిక ఆటగాడు పి.జి. సేఠీ గెలిచారు. డబ్బు తీసుకోని ఔత్సాహికుడు వృత్తి ఆటగాళ్లందరినీ ఓడించాడు!

ఇప్పుడు సూర్యారావుపేట గారి ప్రశ్నకు వస్తాను. సేఠీ తరువాత మరో భారతీయుడు ఆ టైటిల్ గెలవడానికి 1991 దాకా ఆగవలసి వచ్చింది. గెలిచింది అలీ షేర్. ఆయన క్లబ్బు సభ్యుల కుటుంబం నుంచి వచ్చినవాడు కాదు. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో ఇతరుల బ్యాగులు మోసిన క్యాడీ. ఆనాడు అక్కడ గుంపులో నిలబడి చూసినవారిలో నేను ఉన్నాను. చివరి గ్రీన్ చుట్టూ ఉన్న క్యాడీల ఆనందం మాటల్లో పెట్టలేనిది. 1993లో ఆయన మళ్లీ గెలిచారు. 2009లో గెలిచిన సి. మునియప్ప బెంగళూరులో క్యాడీగా పనిచేసినవాడు. 2016లోను, నిరుడు 2017లోను గెలిచిన ఎస్.ఎస్.పి. చౌరాసియా తండ్రి రాయల్ కలకత్తాలో పచ్చిక సంరక్షించే ఉద్యోగి. సభ్యత్వం కొనలేని ఇళ్ల పిల్లలకు ఈ ఆటలో పైకి వచ్చే మార్గం ఏదైనా ఉన్నదంటే అది ఇలాంటి బహిరంగ పోటీయే. అందులో పేరు ఎవరిదని అడగరు, ఎన్ని స్ట్రోకులని అడుగుతారు. ఆ తలుపు 1964లో తెరుచుకోకపోయి ఉంటే వీరు ఎక్కడ ఆడి ఉండేవారు?

ఢిల్లీ గోల్ఫ్ క్లబ్ మైదానాన్ని 1970వ దశకంలో తిరిగి రూపకల్పన చేసింది కూడా థామ్సనే. లోడీల, మొఘలుల కాలపు సమాధుల మధ్యగా, ముళ్లపొదల నడుమ ఇరుకైన ఫెయిర్‌వేలు (బంతిని పంపవలసిన పచ్చిక దారులు) పోతుంటాయి. అక్కడ బలంగా కొట్టేవాడి కంటే బంతిని తిన్నగా పంపేవాడికే గౌరవం. పొదల్లో పడిన బంతిని నెమలి చూస్తుంది గాని ఆటగాడికి దొరకదు. బెంగళూరులోని కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ మైదానం కూడా ఆయన సంస్థ రూపొందించినదే.

సూర్యారావుపేట, విజయవాడ | జూన్ 23

పటమట గారూ, మీరు చెప్పిన పేర్లు నన్ను ఆలోచింపజేస్తున్నాయి. ఒక్కటి మాత్రం అంటాను. ఒక అలీ షేర్ వెనుక జీవితాంతం బ్యాగులు మోసి వెనుదిరిగిన క్యాడీలు ఎందరో ఉంటారు. ఆ లెక్కను తలుపు తెరిచినవాడి ఖాతాలో వేయలేము, నిజమే. తెరిచిన తలుపును వెడల్పు చేయవలసినవారు తరువాతి వారు. థామ్సన్ మీద నాకు ఫిర్యాదు లేదు.

కొత్తపేట విద్యార్థి, గుంటూరు | జూన్ 23

పెద్దలందరికీ నమస్కారం. నేను బ్యాడ్మింటన్ ఆడుతాను. మన గుంటూరు కిడాంబి శ్రీకాంత్ ఏప్రిల్‌లో ప్రపంచ మొదటి ర్యాంకు అందుకున్నప్పటి నుంచి మా శిక్షణ శిబిరంలో సాధన గంటలు రెట్టింపు చేశారు. థామ్సన్ గారు ఎలా సాధన చేసేవారు, ఆయనకు గురువు ఎవరు, ఆయన ఆటలో ప్రత్యేకత ఏమిటి అనేది మాస్టారు వివరించగలరా?

బ్రాడీపేట పాఠకుడు, గుంటూరు | జూన్ 24

నాయనా, నీ ప్రశ్న నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న.

ఆయన చాలావరకు తానే నేర్చుకున్నవాడు. ప్రజా మైదానంలో పెద్దవాళ్లు ఆడుతుంటే చూశారు, ఆడారు, ఏది పనిచేస్తే దానిని ఉంచుకున్నారు. క్లబ్‌ను (బంతిని కొట్టే కర్రను) తేలికగా పట్టుకోవాలి, నిలబడే తీరు సహజంగా ఉండాలి, స్వింగ్‌లో తొందర ఉండకూడదు. ఆయన ఆటలోని మెళకువలు దాదాపు ఇంతే. గోల్ఫ్ స్వింగ్‌ను ముక్కలు ముక్కలుగా విడదీసి బోధించే పద్ధతి మీద ఆయనకు నమ్మకం లేదు. మనిషి శరీరానికి విసరడం, కొట్టడం సహజంగానే తెలుసని, పాదాలు సరిగా పెట్టి లక్ష్యం సరిగా చూస్తే మిగిలినది దానంతట అదే వస్తుందని ఆయన భావించేవారు. అందుకే ఆయన ఆటను చూసినవారు ఆ సులువును ప్రత్యేకంగా చెప్పుకున్నారు. ఉన్న బలమంతా పెట్టి కొట్టినట్లు ఎన్నడూ కనిపించేది కాదు.

అసలు సంగతి ఆయన మనస్సులో ఉండేది. ఎక్కడికి కొట్టకూడదో మొదట తేల్చుకునేవారు. జెండా ఒక పక్కన, ఇసుక గుంట దాని పక్కన ఉంటే, జెండాను వదిలి గ్రీన్ మధ్యకు ఆడేవారు. ఇతరులు సాహసం చేసి స్ట్రోకులు పోగొట్టుకుంటున్నప్పుడు ఆయన ఓపికగా తన స్ట్రోకులను కాపాడుకునేవారు. 1958లో డేవ్ థామస్‌తో 278 దగ్గర సమానమై, మరునాడు 36 హోల్స్ ప్లేఆఫ్ (విజేతను తేల్చే అదనపు ఆట) ఆడవలసి వచ్చినప్పుడు, థామస్ 143 స్ట్రోకులు తీసుకోగా తాను 139తో ముగించి గెలిచింది ఈ ఓపికతోనే. థామస్ ఆయన కంటే చాలా బలంగా, చాలా దూరం కొట్టగల యువకుడు.

సాధన గంటలు రెట్టింపు చేయడం మంచిదే. నా విద్యార్థులకు నేను అదనంగా చెప్పే మాటను నీకూ చెబుతున్నాను: ఒక్కొక్కసారి సాధన ఆపి, కోర్టు పక్కన కూర్చుని, ఎదుటివాడు ఏ పాయింటును ఎందుకు పోగొట్టుకున్నాడో గమనించు.

అరండల్‌పేట, గుంటూరు | జూన్ 24

మాస్టారు చెప్పిన ఆ గమనించే గుణం ఆయన రచనల్లో కూడా కనిపిస్తుంది. థామ్సన్ గారు 1950వ దశకం నుంచి దాదాపు అర్ధశతాబ్దం పాటు మెల్‌బోర్న్ దినపత్రిక ది ఏజ్‌కు గోల్ఫ్ వ్యాసాలు రాశారు. మరొకరు రాసిన దానికి పేరు అరువిచ్చిన ఆటగాడు కాదు, స్వయంగా కూర్చుని రాసినవాడు. టోర్నమెంటులో తాను ఆడి వచ్చి, అదే సాయంత్రం దాని గురించి పత్రికకు రాసి పంపిన రోజులున్నాయి. పత్రికారచన బోధించే నాకు ఇది చాలా గౌరవించదగిన విషయంగా తోస్తుంది.

ఆయన ఆసక్తులు ఆటతో ఆగలేదు. 1962 నుంచి 1994 వరకు ఆస్ట్రేలియా వృత్తి ఆటగాళ్ల సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నారు. 1982లో విక్టోరియా శాసనసభ ఎన్నికల్లో లిబరల్ పార్టీ తరఫున పోటీ చేసి స్వల్ప తేడాతో ఓడిపోయారు. ఆ ఓటమి గోల్ఫ్‌కు మేలు చేసిందని నేను అనుకుంటాను. ఎందుకంటే, ఆ తరువాత ఆయన అమెరికా వెళ్లి 50 ఏళ్లు దాటిన ఆటగాళ్ల సీనియర్ టూర్‌లో ప్రవేశించి, 1985లో ఒకే సంవత్సరంలో 9 టోర్నమెంట్లు గెలిచారు. పన్నెండేళ్ల తరువాత హేల్ ఇర్విన్ ఆ సంఖ్యను అందుకోగలిగారు. ఇక్కడ ఆడినవి అమెరికా మైదానాలు, అమెరికా బంతి. లబ్బీపేట గారి మొదటి ప్రశ్నకు ఇది రెండవ సమాధానం.

లబ్బీపేట, విజయవాడ | జూన్ 24

అంగీకరిస్తున్నానమ్మా. సీనియర్ టూర్ సంగతి నా దృష్టికి రాలేదు. దానికి మరొకటి నేను చేరుస్తాను. 1998లో రాయల్ మెల్‌బోర్న్‌లో జరిగిన ప్రెసిడెంట్స్ కప్‌లో అమెరికా జట్టును అంతర్జాతీయ జట్టు 20½–11½ తేడాతో ఓడించింది. ఆ జట్టు నాయకుడు థామ్సన్. 1994లో మొదలైన ఆ పోటీలో అమెరికా ఇప్పటివరకు ఓడిపోయింది ఆ ఒక్కసారే.

ఐదు ఓపెన్‌లు గెలిచినవారు జె.హెచ్. టేలర్, జేమ్స్ బ్రెయిడ్, థామ్సన్, టామ్ వాట్సన్ నలుగురే. వారికంటే పైన ఉన్నది ఆరు గెలిచిన హ్యారీ వార్డన్ ఒక్కరే. అయితే మరొక దేశానికి వెళ్లి అక్కడ జాతీయ పోటీ మొదలయ్యేలా చేసి, దానిని స్వయంగా ఆడి నిలబెట్టిన పని ఈ ఐదుగురిలో మరెవరికైనా ఉన్నదా అని ఆలోచిస్తే నాకు ఎవరూ కనిపించడం లేదు.

మొగల్రాజపురం, విజయవాడ | జూన్ 25

ఆసక్తి ఉన్నవారి కోసం ఒక సూచన. ఈ ఏడాది బ్రిటిష్ ఓపెన్ జూలై 19 నుంచి 22 వరకు కార్నూస్టీలో జరుగుతుంది. 1953లో హొగన్‌కు వెనుక థామ్సన్ నిలిచిన మైదానం అదే. టెలివిజన్‌లో చూసేటప్పుడు బంతి గాలిలో ఎంత ఎత్తుకు వెళ్లిందో కాకుండా, నేలను తాకిన తరువాత ఏమి చేసిందో గమనించండి. గ్రీన్‌కు ముప్పై, నలభై గజాల ముందు బంతిని దించి దొర్లించే ఆటగాడు కనిపిస్తే, మనం ఇక్కడ మాట్లాడుకున్నది ఏమిటో కళ్లారా తెలుస్తుంది. ముఖ్యంగా బారీ బర్న్ వాగు అడ్డంగా పారే చివరి రెండు హోల్స్ చూడండి.

కొత్తపేట విద్యార్థి, గుంటూరు | జూన్ 25

తప్పకుండా చూస్తాను సార్. పటమట గారూ, ఆ రోజుల్లో మీరు కూడా చూస్తూ ఇక్కడ రాస్తే మాకు అర్థం కావడానికి సాయంగా ఉంటుంది.

పటమట, విజయవాడ | జూన్ 25

అలాగే బాబూ. 19వ తేదీ మధ్యాహ్నం నుంచి ఇక్కడే ఉంటాను. చౌరాసియా వంటి మనవాళ్లు ఎవరైనా అర్హత సాధిస్తే వారి రౌండ్లను హోల్ వెంట హోల్ రాస్తాను.